పంతుళ్ల బడి యూనివర్శిటీ అయింది - మన డైట్ల గతి ఏమిటి?

జిల్లాలో ఏ ఊరికి వెళ్లినా ఇంజనీరింగు పూర్తిచేసి అమెరికా బయలుదేరిన కుర్రాడు ఒకడయినా కనబడుతున్నాడు. ఏ యూనివర్శిటీలో సీటు వచ్చిందని అడిగితే చెప్పే పేర్లలో శాన్‌హోసే ఒకటి. కాలిఫోర్నియా రాష్ట్రంలో కంప్యూటరు కంపెనీల నడిబొడ్డున ఉన్న ప్రభుత్వ యూనివర్శిటీ అది. ముప్పయి వేలకు పైబడి విద్యార్థులు చదువుతుంటారు. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి కొడుకునో కూతురినో పంపిన తండ్రికి ఆ పేరు దేవుడి పేరులా నోట్లో నానుతుంది. అయితే ఆ యూనివర్శిటీ ఇంజనీర్ల కోసం పుట్టింది కాదన్న సంగతి అక్కడికి వెళ్లే మన పిల్లల్లో ఎందరికి తెలుసో! బడిపంతుళ్లకు పాఠం చెప్పడం నేర్పడానికి పెట్టిన సాయంత్రం బడి అది. ఆ కథ మన జిల్లా జనం తెలుసుకోవలసిన అవసరం ఇప్పుడు వచ్చింది. ఎందుకు వచ్చిందో కథ అయ్యాక చూడవచ్చు.

1857 నాటి సంగతి

కాలిఫోర్నియాలో బంగారం దొరికిందన్న వార్త 1848లో పుట్టింది. మరుసటి ఏటి నుంచి జనం ఎగబడ్డారు. 1850కల్లా అది అమెరికాలో ఒక రాష్ట్రమయింది. శాన్‌ఫ్రాన్సిస్కో రేవు పట్నం రాత్రికి రాత్రి పెరిగింది. సంసారాలు వచ్చాయి, పిల్లలు వచ్చారు, బళ్లు లేచాయి. చదువు చెప్పేవాళ్లే కరువు. అక్షరం వచ్చిన మగవాడికి గనుల్లో, వర్తకంలో నాలుగు రాళ్లు దొరుకుతుంటే బడిలో కూర్చునేదెవరు? దొరికిన వాళ్లతో బళ్లు నడిపారు. వాళ్లకు చదువు వచ్చునేమోగాని, చెప్పడం రాదు.

దీనికి విరుగుడుగా 1857లో ఆ పట్నం విద్యాబోర్డు ఒక సాయంత్రం బడి తెరిచింది. జార్జి మిన్స్ అనే ఉపాధ్యాయుడు దానికి పెద్ద. పగలు బడిలో పాఠం చెప్పిన పంతుళ్లు, పంతులమ్మలు సాయంత్రం వచ్చి ఇక్కడ తామే విద్యార్థులయ్యేవారు. తరువాతి కాలంలో ఆ రాష్ట్ర విద్యాధికారిగా పేరు పొందిన జాన్ స్వెట్ కూడా అక్కడ పాఠాలు చెప్పినవాడే. ఐదేళ్లు అలా నడిచాక, 1862లో రాష్ట్ర శాసనసభ ఆ పనిని నెత్తికెత్తుకుంది. కాలిఫోర్నియా స్టేట్ నార్మల్ స్కూలు అని పేరు పెట్టింది.

ఈ 'నార్మల్' అన్న మాట మన పెద్దలకు కొత్త కాదు. మద్రాసు రాజధానిలో కూడా పంతుళ్ల ట్రయినింగు బళ్లను నార్మల్ స్కూళ్లనే అనేవారు. నార్మల్ అంటే ఏదో మామూలు బడి అని కాదు. ఫ్రెంచి వాళ్ల దగ్గర నుంచి వచ్చిన మాట. బోధన ఇలా ఉండాలి అని ఒరవడి దిద్దించే బడి అని అర్థం. అమెరికాలో ప్రభుత్వ సొమ్ముతో అటువంటి మొదటి బడి 1839లో మాసచూసెట్స్ రాష్ట్రంలోని లెక్సింగ్టన్ గ్రామంలో మొదలయింది. మొదటిరోజు వచ్చింది ముగ్గురే ముగ్గురు ఆడపిల్లలు. ముగ్గురి కోసం బడేమిటని మూసేస్తే అంతటితో సరి. మూయలేదు. అదే ఈనాడు ఫ్రేమింగ్‌హామ్ స్టేట్ యూనివర్శిటీ. విద్యార్థుల సంఖ్య చాలలేదని సర్కారు బళ్లకు తాళాలు వేసే అధికారులు ఈ ముక్క గుర్తుపెట్టుకుంటే మంచిది.

కాలిఫోర్నియా నార్మల్ స్కూల్లోనూ ఆడపిల్లలదే పైచేయి. మగవాడికిచ్చే జీతంలో కోత వేసి ఆడవాళ్లను పంతులమ్మలుగా పెట్టుకోవడం అప్పటి అమెరికాలో ఆనవాయితీ. అది అన్యాయమే. కాని గడప దాటి సొంతంగా సంపాదించుకునే దారి ఆ రోజుల్లో ఆడపిల్లకు మరొకటి పెద్దగా లేదు. ఆ దారి చూపింది ఈ బళ్లేనని ఒప్పుకోక తప్పదు.

కాలేజీ కోసం ఊళ్ల పోటీ

బడి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇరుకయింది. వేరే ఊరికి మార్చాలన్న మాట పుట్టగానే, మాకంటే మాకని ఊళ్లు పోటీ పడ్డాయి. మండలాఫీసు ఏ ఊళ్లో పెట్టాలి, జూనియరు కాలేజీ ఎక్కడ కట్టాలి అని మనదగ్గర జరిగిన పంచాయితీలు చూసినవారికి ఇదేమీ వింత కాదు. చివరకు 1870లో శాన్‌హోసే గెలిచింది. ఊరి నడుమ ఉన్న వాషింగ్టన్ స్క్వేర్ అనే స్థలం ఇచ్చింది. 1871లో బడి అక్కడికి తరలింది. శాన్‌ఫ్రాన్సిస్కోకు యాభై మైళ్ల దూరంలో ఉన్న ఈ ఊరి జనాభా అప్పటికి పదివేల లోపు. ఇవాళ మన మండల కేంద్రాలు కొన్ని అంతకంటే పెద్దవి. చుట్టూ పండ్లతోటలు. వందేళ్ల క్రితం కూడా ఆ లోయకు పేరు తెచ్చింది ఎండబెట్టిన పండ్లు, డబ్బాల్లో నింపిన పండ్లే. ఇప్పుడు సిలికాన్ వ్యాలీ అని పిలిచే నేల అదే. ఆ పేరు అచ్చులో కనబడింది 1971లో. బడి దానికంటే నూరేళ్లు ముందుది.

1880 ఫిబ్రవరిలో బడి భవనం అగ్గిపాలయింది. బూడిద చల్లారకముందే మళ్లీ బేరాలు మొదలయ్యాయి. దక్షిణాన ఉన్న లాస్ ఏంజిల్స్ వాళ్లు బడిని తమకు ఇమ్మన్నారు. శాన్‌హోసే వాళ్లు వదలలేదు. వదలకపోగా కొత్త భవనం కట్టుకున్నారు. 1881 సంవత్సరం పోతపోసిన దాని గంట నేటికీ యూనివర్శిటీ ఆవరణలో ఉంది. స్టేట్ నార్మల్ స్కూలు అన్న అక్షరాలు దానిమీద అలాగే ఉన్నాయి. 1906 నాటి పెద్ద భూకంపంలో ఆ భవనమూ దెబ్బతింది. మళ్లీ కట్టారు. 1910 నాటి ఆ గోపురం హాలే ఈనాడు మన పిల్లలు పట్టా పుచ్చుకుని ఫోటోలు దిగి ఇంటికి పంపే చోటు.

లాస్ ఏంజిల్స్ వాళ్లూ వట్టిచేతులతో పోలేదు. శాన్‌హోసే బడికి కొమ్మ బడి ఒకటి 1882లో అక్కడ తెరిచారు. నారింజ తోట ఉన్న గుట్టమీద పెట్టారు. ఆ స్థలంలో ఇప్పుడు ఆ నగర గ్రంథాలయం ఉంది. కొమ్మ బడి 1887లో వేరుపడి సొంతంగా నిలబడింది. 1919లో కాలిఫోర్నియా యూనివర్శిటీ దాన్ని తన శాఖగా కలుపుకుంది. ప్రపంచమంతా పేరు మోగుతున్న యు.సి.ఎల్.ఎ. పుట్టుక అది. ఒక్క పంతుళ్ల బడి కడుపున రెండు మహా విద్యాలయాలు పుట్టాయన్నమాట. ట్రయినింగు పొందే వాళ్లు పాఠం చెప్పి చూసుకోవడానికి 1882లో పక్కనే పెట్టిన చిన్నపిల్లల బడి కూడా ఎన్ని చోట్లకు మారినా పోకుండా యు.సి.ఎల్.ఎ.తోనే ఉంది. పిల్లలు లేకుండా పంతులుకు ట్రయినింగేమిటి! ఎడ్లు లేని చోట అరక దున్నడం నేర్పినట్లుంటుంది.

ఈ బడిలో చదివినవారి పేర్లు చెప్పుకుంటే చాలా ఉన్నాయి. రైతు కుటుంబాలవారికి రెండు చెప్పవచ్చు. ఎడ్విన్ మార్ఖమ్ అనే ఆయన పల్లెపట్టున పశువులు కాసి, పొలం పని చేసి పెరిగాడు. 1872లో శాన్‌హోసే నార్మల్ స్కూల్లో పట్టా పొంది పంతులయ్యాడు. బళ్లకు పెద్దగా పనిచేస్తూనే కవిత్వం రాశాడు. పార మీద ఆనుకుని నడుం వంగి నిలబడిన కూలీ బొమ్మను ఫ్రెంచి చిత్రకారుడు మిల్లే గీశాడు. ఆ బొమ్మ చూసి మార్ఖమ్ రాసిన పద్యం 1899లో శాన్‌ఫ్రాన్సిస్కో పత్రికలో అచ్చయింది. మనిషి నడుం ఇలా వంచిన దొరలెవరు అని నిలదీసిన ఆ పద్యం దేశదేశాలు తిరిగింది. రాసింది బడిపంతులు.

రెండో మనిషి టామీ స్మిత్. నల్లజాతి వాడు. చిన్నతనంలో కాలిఫోర్నియా పత్తి చేలలో కుటుంబంతో పాటు పత్తి తీసినవాడు. శాన్‌హోసే స్టేట్‌లో చేరి పరుగుపందెం వీరుడయ్యాడు. 1968 మెక్సికో ఒలింపిక్సులో 200 మీటర్లు 19.83 సెకన్లలో పరుగెత్తి బంగారు పతకం గెలిచాడు. అదే కాలేజీలో చదివిన జాన్ కార్లోస్‌కు మూడో స్థానం. పతకాలిచ్చే వేదిక మీద ఇద్దరూ తలవంచుకుని నల్ల తొడుగు వేసిన పిడికిలి పైకెత్తారు. తమ జాతికి జరుగుతున్న అన్యాయాన్ని లోకం ముందు పెట్టారు. ఆటల నుంచి గెంటివేశారు. తిట్టినవాళ్లే ఎక్కువ. 2005లో అదే ఆవరణలో ఇద్దరికీ విగ్రహం పెట్టారు. గమనించవలసిందేమంటే, ఆ తరువాత బతుకు గడపడానికి స్మిత్ కాలేజీలో చదువు, ఆటలు నేర్పాడు. కార్లోస్ హైస్కూల్లో పిల్లల బాగోగులు చూశాడు. పంతుళ్ల పనికే వచ్చారు.

బోర్డు మీద నుంచి పోయిన మాట

ఇంతవరకు కథ బాగానే ఉంది. ఇక రెండో వైపు. 1921లో నార్మల్ స్కూలు కాస్తా స్టేట్ టీచర్స్ కాలేజీ అయింది. 1935లో బోర్డు మీద నుంచి 'టీచర్స్' అన్న మాట తీసేశారు. ఉత్త శాన్‌హోసే స్టేట్ కాలేజీ అన్నారు. మిగతా చదువులూ చెప్పుకోవచ్చునన్నారు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక సైన్యం నుంచి తిరిగివచ్చిన కుర్రాళ్లతో కాలేజీలు నిండిపోయాయి. తోటలు కొట్టేసి ఫ్యాక్టరీలు కట్టారు. ఇంజనీరింగుకు గిరాకీ వచ్చింది. 1972లో యూనివర్శిటీ హోదా వచ్చింది. 1974లో ఇప్పటి పేరు స్థిరపడింది. అమెరికా పొడుగునా నార్మల్ స్కూళ్లన్నింటిదీ దాదాపు ఇదే దారి. స్కూలు, టీచర్స్ కాలేజీ, కాలేజీ, యూనివర్శిటీ - మెట్టు ఎక్కినప్పుడల్లా ఒక మాట రాలిపోయింది.

పేరు పెరిగింది, మంచిదే. కాని ఏ పని కోసం పుట్టిందో ఆ పని మూలకు జరిగింది. ఊరి పేరు చెబితే ఇంజనీరింగు గుర్తుకొస్తుంది గాని పంతుళ్ల చదువు గుర్తుకు రాదు. పెద్దకొడుకు పట్నంలో మేడ కట్టాక ముసలితల్లికి వెనక వసారా చూపించినట్లయింది. న్యాయంగా చెప్పాలంటే వెళ్లగొట్టలేదు. శాన్‌హోసేలో విద్యాబోధనకు ప్రత్యేక కాలేజీ నేటికీ ఉంది. ఆ రాష్ట్రంలోని స్టేట్ యూనివర్శిటీలన్నీ కలిసి కాలిఫోర్నియా బళ్లకు కావలసిన పంతుళ్లలో పెద్ద భాగాన్ని తయారుచేస్తూనే ఉన్నాయి. వసారాలో ఉన్నా వంట ఆమెదే.

మన దగ్గర తలకిందులు

1857 అంటే మన దేశంలో సిపాయిల తిరుగుబాటు ఏడాది. కలకత్తా, బొంబాయి, మద్రాసు యూనివర్శిటీలు పుట్టిందీ ఆ ఏడాదే. శాన్‌ఫ్రాన్సిస్కోలో మిన్స్ సాయంత్రం బడి పెట్టిన ఏడే మద్రాసు యూనివర్శిటీ వచ్చింది. తేడా చూడండి. అక్కడ అడుగున పంతుళ్లతో మొదలుపెట్టి నూరేళ్లకు పైగా కట్టుకుంటూ పోయి యూనివర్శిటీ చేశారు. ఇక్కడ పైకప్పు ముందు వేశారు. ఆ యూనివర్శిటీలు మొదట పాఠం చెప్పేవి కావు, పరీక్షలు పెట్టి పట్టాలిచ్చేవి. పంతుళ్లకు ట్రయినింగు ఇవ్వాలని 1854 నాటి ఉడ్ తాఖీదులో ఉన్నమాట నిజమే. మద్రాసులో 1856లోనే ప్రభుత్వ నార్మల్ స్కూలు పెట్టారు. తరువాత అది సైదాపేటకు మారింది. తెలుగు జిల్లాల నుంచి ఎందరో పంతుళ్లు అక్కడికి వెళ్లి ట్రయినింగు పొంది వచ్చారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ అంతటివాడు కూడా కాలేజీ ఉద్యోగంలో చేరిన కొత్తలో సైదాపేటలో కూర్చుని బోధన నేర్చుకున్నవాడే. ఆయనే 1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్‌ఛాన్సలర్ అయ్యారు. 1962 నుంచి ఏటా సెప్టెంబరు 5న దండలు వేస్తున్నది ఆయన ఫోటోకే. ఆయనకు అవసరమనిపించిన ట్రయినింగు లేకుండానే ఎన్నో ప్రయివేటు బళ్లు ఇంటరు, డిగ్రీ అయిన పిల్లలను చాలీచాలని జీతానికి తెచ్చి క్లాసులో నిలబెడుతున్నాయి. ప్రయివేటు బడి పంతులుకు కూడా అర్హత ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. చట్టం పుస్తకంలో ఉంది.

ఉస్మానియా 1918లో, ఆంధ్ర 1926లో, వెంకటేశ్వర 1954లో, కాకతీయ, నాగార్జున 1976లో వచ్చాయి. వీటిలో ఏదీ పంతుళ్ల బడి నుంచి మొలిచింది కాదు. మన ట్రయినింగు స్కూళ్లు ట్రయినింగు స్కూళ్లుగానే ఉండిపోయాయి. 1986 జాతీయ విద్యావిధానం వచ్చాక వాటికి కొత్త ఊపిరి పోశారు. జిల్లాకొక విద్యా శిక్షణ సంస్థ అన్నారు. జనం నోట అవే డైట్లయ్యాయి. అంగలూరు, బొమ్మూరు, బోయపాలెం, దూబచర్ల, బుక్కపట్నం, కార్వేటినగరం - ఈ పేర్లు చూస్తే ఒక్క సంగతి తెలుస్తుంది. ఇవి జిల్లా కేంద్రాలు కావు, పల్లెలు, చిన్న ఊళ్లు. పల్లెలో ఉండి పల్లె బడిలో పాఠం చెప్పి నేర్చుకున్న పిల్లలు మళ్లీ పల్లె బళ్లకే పంతుళ్లుగా వెళ్లారు. రెండేళ్ల చదువు, తక్కువ ఫీజు, చేతికి ఉద్యోగం. కూలినాలి ఇళ్లలో మొదటి సర్కారు జీతం తెచ్చింది చాలాచోట్ల ఈ ట్రయినింగే.

తరువాత గాలి మారింది. ప్రయివేటు కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి. తరగతికి రాకపోయినా హాజరు వేసే కాలేజీల సంగతి గ్రామాల్లో తెలియనివారు లేరు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ వర్మ కమిషన్ 2012లో ఇచ్చిన నివేదికలో దేశవ్యాప్తంగా ఈ చదువు పట్టిన తెగులును గట్టిగానే ఎత్తిచూపింది. డైట్లలో లెక్చరర్ల పోస్టులు ఖాళీగా ఉంచి, హైస్కూలు మాస్టర్లను డెప్యుటేషన్ మీద తెచ్చి నెట్టుకొస్తున్నారన్నది ఏళ్లుగా వినబడుతున్న ఫిర్యాదు. దీనిమీద 2018లో బి.ఇడి. వారిని కూడా ప్రాథమిక బళ్లకు తీసుకోవచ్చునని ఉత్తర్వు వచ్చింది. ఇక రెండేళ్ల డి.ఇడి. ఎవరికి కావాలి? సీట్లు మిగిలిపోయాయి. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు అది చెల్లదని తీర్పు చెప్పింది. ఒకటో తరగతి పిల్లకు అక్షరం దిద్దించడం వేరే విద్య అని, దానికి తగిన ట్రయినింగు ఉండాలని కోర్టు చెబితే గాని తేలలేదు. అమ్మను అడిగితే చెప్పేది.

ఇప్పుడు 2030 గడువు

అసలు సంగతి ఇక్కడుంది. 2020 జాతీయ విద్యావిధానం ప్రకారం 2030 నాటికి పంతులు కావాలంటే నాలుగేళ్ల బి.ఇడి. డిగ్రీ ఉండాలి. ఒక్క ట్రయినింగు మాత్రమే చెప్పే విడి సంస్థలన్నీ అప్పటికి పలు శాస్త్రాలు చెప్పే కాలేజీలుగా మారాలి. అంటే శాన్‌హోసే నూరేళ్లకు పైగా నడిచిన దారిని మన ట్రయినింగు సంస్థలు పదేళ్లలో నడవాలన్నమాట. ఆలోచన చెడ్డది కాదు. మైసూరులో దక్షిణాది రాష్ట్రాల కోసం 1963లో పెట్టిన ప్రాంతీయ సంస్థ అటువంటి నాలుగేళ్ల చదువు చెబుతూ వచ్చింది. మన పిల్లలు కూడా అక్కడికి వెళ్లి చదివి వచ్చారు. చేయలేనిదేమీ కాదు.

కాని చేసే తీరు రెండు రకాలు. ఒకటి - ఉన్న డైటును ఉన్న ఊళ్లోనే డిగ్రీ కాలేజీగా పెంచడం. లెక్కలకు, సైన్సుకు, తెలుగుకు లెక్చరర్లను వేసి, హాస్టలు బాగుచేసి, పక్కనున్న బడిని దానికి జత చేయడం. రెండోది - డైటును మెల్లగా ఎండబెట్టి, నాలుగేళ్ల కోర్సు పట్నంలో భవనాలున్న ప్రయివేటు వారికి అప్పజెప్పడం. పైసా ఖర్చులేనిది రెండోదే కాబట్టి సర్కారు మనసు అటు జారే ప్రమాదం ఎక్కువ. అదే జరిగితే నాలుగేళ్ల ఫీజు, పట్నంలో అద్దెగది, మెస్సు ఖర్చు కలిపి కూలివాడి కూతురు పంతులమ్మ కావడం కల్ల. రెండేళ్లకే కిందామీదా పడిన ఇళ్లు నాలుగేళ్లు ఎలా లాగుతాయి? నాలుగేళ్ల చదువు పెట్టేవాళ్లు స్కాలర్‌షిప్పు మాట ముందు తేల్చాలి.

పల్లెలో డిగ్రీ స్థాయి కాలేజీ నిలబడుతుందా అనే పెద్దమనుషులున్నారు. పదివేల మంది లేని పండ్లతోటల ఊరు 1871లో బడిని తెచ్చుకుని, కాలిపోతే కట్టుకుని, కూలిపోతే కట్టుకుని నిలబెట్టింది. అక్కడి సర్కారు డబ్బిచ్చిన మాట నిజమే. ఊరు పట్టువదలకపోవడమూ నిజమే. మన డైట్లకు స్థలాలున్నాయి, చాలాచోట్ల పాత భవనాలున్నాయి. అడిగే నోరే కరువు.

పెంచేటప్పుడు జాగ్రత్త కూడా కావాలి. డిగ్రీ కాలేజీ అన్నాక కంప్యూటరు కోర్సు వస్తుంది, కామర్సు వస్తుంది. వాటికి గిరాకీ ఉంటుంది, ముందుగదులు వాటికి పోతాయి. పంతుళ్ల చదువు వెనక షెడ్డులోకి జరుగుతుంది. శాన్‌హోసేలో బోర్డు మీద మాట పోయినట్లే ఇక్కడా పోతుంది. ప్రాక్టీసు బడిని విడగొట్టి వేరే మేనేజిమెంటుకు ఇచ్చిన రోజున ఆ కాలేజీలో ట్రయినింగు చచ్చినట్లే లెక్క. ఈ రెండూ ఉత్తర్వుల్లో కాగితం మీద రాయించుకోవాలి. నోటిమాట హామీలు ఎన్నికలదాకే.

రెండు తెలుగు రాష్ట్రాల శాసనమండళ్లలోనూ ఉపాధ్యాయులు ఓటు వేసి పంపిన ఎమ్మెల్సీలున్నారు. డి.ఎ. బకాయిలు, బదిలీల మీద వారు మాట్లాడుతూనే ఉంటారు, మాట్లాడవలసిందే. డైటు ఉన్నచోటే ఉంటుందా, పోతుందా, పెంచితే ఎన్ని పోస్టులు ఇస్తారు అన్న ప్రశ్న వారి నోట ఇంకా గట్టిగా రావలసి ఉంది. ఈసారి ఓటు కోసం బడి గేటు దగ్గరికి వచ్చే అభ్యర్థిని ఆ మాట ముందు అడగవలసినవాళ్లు ఆ డైట్లలో చదివి పంతుళ్లయినవాళ్లే.